నాలుగు వేళ్ళ నోరు

నాంచారమ్మ నోటి సంగతి రేపల్లె చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. రాజు వేషం కట్టి, మీసం అతికించుకుని, తల కాస్త వెనక్కి వాల్చి రాగం ఎత్తుకుందంటే వెనక వరసలో కునికిపాట్లు పడుతున్న ముసలివాళ్ళు కూడా లేచి కూర్చుని వన్స్‌మోర్ అని కేకలు వేసేవాళ్ళు. వేదిక దిగాక కూడా ఆ నోరు ఖాళీగా ఉండేది కాదు. మాటలైనా ఉండాలి, కిళ్ళీ అయినా ఉండాలి. నాటకానికి పిలిపించి పస్తు పడుకోబెట్టిన పెద్దమనుషుల్ని నలుగురిలో నిలబెట్టి కడిగేసేది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక, పసివాడుగా ఉన్న తమ్ముణ్ణి ఆ నోటితోనే పెంచింది. పాడితేనే వాడికి పుస్తకాలు, పాడితేనే వాడికి అన్నం. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, రాజుగారికి రాణిని ఎక్కణ్ణించి తెస్తారు లెండి అని నవ్వేసేది.

ఆ తమ్ముడే భావనారాయణ. పెద్ద చదువులు చదివి గుంటూరులో ఒక దంత పరిశోధనశాలలో శాస్త్రవేత్త అయ్యాడు. ఊళ్ళోవాళ్ళు పళ్ళ డాక్టరు అంటే అతనికి చిర్రెత్తుకొచ్చేది. పళ్ళు పీకేవాళ్ళు సందుకొకరు ఉన్నారు, పంటికి ప్రాణం పోసేవాణ్ణి నేనొక్కణ్ణే అని అతని నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా అబద్ధం కూడా కాదు.

పుచ్చిన పన్నుని తొలుస్తూ పోతే ఒక్కోసారి లోపలి గుజ్జు బయటపడుతుంది. ఎర్రటి చుక్క, అంతే. పంటికి ప్రాణం అక్కడే ఉంటుంది, నొప్పీ అక్కడే ఉంటుంది. పాతకాలం డాక్టర్లు ఆ చుక్క మీద శుద్ధిచేసిన సున్నం ఇంత అద్ది, పైన సిమెంటు వేసి మూసేవాళ్ళు. సున్నం ఘాటుకి గుజ్జు ఉలిక్కిపడి తనకు అడ్డంగా తానే పలచటి గోడ కట్టుకునేది. కడితే కట్టేది, లేకపోతే చచ్చేది. కాలేజీలో మొదటిసారి ఈ పాఠం విన్నప్పుడు భావనారాయణకు అక్క బొడ్లో ఎప్పుడూ ఉండే ఇత్తడి సున్నపుకాయ గుర్తొచ్చింది. అందులో సున్నం నింపడం చిన్నప్పుడు అతని పనే. వేలు కాలితే అక్క కొబ్బరినూనె రాసి ఊదేది.

ఆ సున్నపుకాయ దగ్గర మొదలైన ఆలోచన చాలా ఏళ్ళకి 'చిగురు' అయింది. ఊడిన పాలపళ్ళలోంచి తీసిన కణాలకు అతనూ, అతని జూనియర్ షహనాజూ కలిసి ఒక విద్య నేర్పారు. సున్నం తగిలితే నిద్ర లేవాలి, లేచి పంటి ఎముక కట్టాలి. సున్నం అయిపోగానే మళ్ళీ పడుకోవాలి. జిగురులాంటి పూతలో ఆ కణాల్నీ, చిటికెడు సున్నాన్నీ కలిపి గుజ్జు మీద పెట్టేవాళ్ళు. గొర్రెల పళ్ళలో గోడ చక్కగా లేచింది, చెప్పినంత మేర లేచి ఆగింది. మైక్రోస్కోపు కింద నిద్రపోతున్న కణాల మీద సున్నపు తేట ఒక చుక్క వేసి, అవి తెల్లటి రవ్వలు పోగెయ్యడం చూస్తూ భావనారాయణ భోజనం మర్చిపోయేవాడు. సార్, మీ బిడ్డలు లేచారు అని షహనాజ్ ఆటపట్టించేది.

మనుషుల మీద ప్రయోగానికి అనుమతి వచ్చిన రోజుల్లోనే నాంచారమ్మ దవడపన్ను సలపడం మొదలైంది. చెంప పట్టుకుని గుంటూరు బస్సు దిగింది. వెంట హార్మోనియం దావీదు ఉన్నాడు. ఆమె ఎక్కిన ప్రతి వేదిక మీదా పక్కన కూర్చుని వాయించినవాడు, ఆమె అలిగితే బతిమాలినవాడు, ఆమె కిళ్ళీలకు ఆకులు తుడిచి ఇచ్చేవాడు. రేపల్లెలో డాక్టరు రూట్ కెనాల్ చేస్తానన్నాడట. పన్నుని చంపేసి నెత్తిన టోపీ పెడతాడంటరా, చచ్చినదాన్ని నోట్లో పెట్టుకుని నేను రాగం తియ్యాలా అని నాంచారమ్మ కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టింది.

నోరు ఎంత తెరుచుకుంటుందో ముందు కొలవాలి. దానికి యంత్రం అక్కర్లేదు. ఎవరి వేళ్ళు వాళ్ళే నిలువుగా నోట్లో పెట్టుకోమంటారు, మూడు వేళ్ళు పడితే మంచి నోరు కింద లెక్క. నాంచారమ్మ నాలుగు పెట్టుకుంది. షహనాజ్ ఆశ్చర్యంగా చూస్తే, ఇందులోంచే నలభై ఏళ్ళు రాజ్యాలు ఏలానమ్మా అంది వేళ్ళు తీసి తుడుచుకుంటూ.

పన్ను తొలిచారు, ఎర్రచుక్క కనిపించింది, చిగురు పెట్టి పైన మూత బిగించారు. షహనాజ్ అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగింది. సిగరెట్టు, మందు, గుట్కా, ఖైనీ. నాంచారమ్మ అన్నిటికీ ఛీ అంది. ఆకూవక్కా సంగతి ఎవరూ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. పెళ్ళిలో ఇచ్చేది, పేరంటంలో ఇచ్చేది, దేవుడి ముందు పెట్టేది. దాన్ని ఎవరైనా అలవాటు అంటారా? లేచేముందు నాంచారమ్మే అడిగింది.

"మరి నా కిళ్ళీ ఎట్టారా?"

భావనారాయణ నవ్వాడు. సున్నం సంగతి అతనికి తట్టలేదని కాదు. తట్టింది. కణాలు లోపల ఉన్నాయి, పైన మూత ఉంది, బయటి సున్నం లోపలికి ఎలా పోతుంది అనుకున్నాడు. పైగా చుట్టూ నలుగురు వింటున్నారు, తన మందు మీద తనకు ఎంత ధీమా ఉందో చూపించుకోవాలనిపించింది.

"రెండ్రోజులాగి వేసుకో అక్కా. ఆ పన్నుకి ఇంక నూరేళ్ళు."

నిజంగానే నెప్పి మాయమైంది. కొద్ది వారాలకు తీసిన ఎక్స్‌రేలో గుజ్జు మీద తెల్లటి గోడ గీత గీసినట్టు కనిపించింది. నాంచారమ్మ ఆ పంటితోనే చెరుకు గడ చీల్చి చూపిస్తుంటే పరిశోధనశాల డైరెక్టరు వీడియో తీయించాడు. చెరుకు పిప్పి ఉమ్మేసి, కెమెరా వైపు తిరిగి ఒక రాగం కూడా విసిరింది. ఆ వీడియో ఎక్కడెక్కడికో పాకింది. తరవాత పొన్నూరు నుంచి, తెనాలి నుంచి, బాపట్ల నుంచి జనం తమ పళ్ళు పట్టుకుని వచ్చారు. అందరూ అడిగింది ఒకటే, ఆ పాటగత్తెకు పెట్టిన మందు మాక్కూడా పెట్టండి అని.

చలికాలంలో నాంచారమ్మ తమ్ముడి ఇంట్లోనే ఉండేది. ఒక పొద్దున కాఫీ తాగుతూ, ఆవులింత సగంలో ఆగిపోతోందిరా అంది. దవడ కీలు దగ్గర ఎవరో పట్టి లాగుతున్నట్టుందట. వయసు అక్కా అన్నాడు భావనారాయణ పేపర్లోంచి తల ఎత్తకుండా. ఇంకొన్నాళ్ళకు అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోబోతే ముద్ద పెదాలకు తగిలి చెదిరింది. ఆమె నవ్వేసి ముద్ద చిన్నది చేసుకుంది. అది చూసి మాత్రం అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు అక్క ఆ చేత్తోనే తనకు ముద్దలు పెట్టేది, ఇంత పెద్దవి. నోరు పట్టదక్కా అంటే, రాజుగారి తమ్ముడివి, నోరు పెద్దది చెయ్యరా అనేది.

"వేళ్ళు పెట్టి చూపించు" అన్నాడు.

రెండు పట్టాయి. మూడోది పళ్ళకు తగిలి ఆగింది.

మర్నాడే తీసుకెళ్ళి స్కాన్ చేయించాడు. కారణం కనిపెట్టింది షహనాజ్. స్కాన్‌లో పంటి వేరు కొసనుంచి ఒక తెల్లటి పోగు బయలుదేరి, దవడ కండలోంచి పైకి పాకుతూ కీలు దాకా పోయింది. కణాలు మూత వైపు రాలేదు. వేరు కొసన ఉండే సన్నటి కంతలోంచి, రక్తనాళాలు వచ్చే దారిన, కిందికి దిగిపోయి చెంపలో చేరాయి. చేరి పడుకున్నాయి. అట్లాగే పడుకుని ఉంటే ఏ గొడవా లేదు. కానీ వాటిని రోజూ ఎవరో లేపుతున్నారు. షహనాజ్ బజారుకెళ్ళి కిళ్ళీబంకులో సున్నం కొనుక్కొచ్చింది. నీళ్ళలో కలిపి, తేట తీసి, నెలల నాడు నిద్రపోయిన కణాల గిన్నెలో ఒక చుక్క వేసింది. భావనారాయణని పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

ఎన్నోసార్లు మురిసిపోయి చూసిన దృశ్యమే అది. రవ్వ పక్కన రవ్వ, తెల్లగా, ముచ్చటగా పేరుకుంటోంది. ఈసారి అతను కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు.

షహనాజ్ మెల్లగానే చెప్పింది. ఆవిడ కిళ్ళీ బుగ్గన పెట్టుకుని నిద్రపోతుంది సార్, సున్నం ఆ చెంపలోకే దిగుతుంది. ఇవాళే ఆ పన్ను తీసేసి, పోగు మొదలంటా గీకేద్దాం. సున్నం పూర్తిగా ఆపిద్దాం. ఇప్పటిదాకా పెరిగింది పెరిగింది, రెండు వేళ్ళ నోరైనా మిగులుతుంది. మిగతావాళ్ళందరికీ కబురు చేద్దాం.

భావనారాయణ కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. పై నెల మొదట్లో ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం వస్తోంది. వాళ్ళు తల ఊపితే చిగురు దేశమంతా పోతుంది. వాళ్ళ ఎదుట నాంచారమ్మ పాడాలని డైరెక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఇప్పుడు ఆ పన్నే పీకేస్తే ఏమని చెప్పాలి? ఇరవై ఏళ్ళ పని, ఒక ఆకూవక్క దగ్గర ఆగిపోవాలా? అతని బుర్ర అతనికి కావలసిన దారి వెంటనే వెతికిపెట్టింది. సున్నం లేకపోతే కణాలు పడుకుంటాయి కదా. అక్క చేత కిళ్ళీ మానిపిస్తే చాలు. పన్ను సంగతి సంఘం వెళ్ళాక చూసుకోవచ్చు. అప్పుడే అందరికీ చెప్పచ్చు, పద్ధతిగా చెప్పచ్చు.

"కొన్నాళ్ళు నోరు మెదపకు" అన్నాడు షహనాజ్‌తో.

ఆవిడ మీ అక్క కాబట్టి ఆవిడకైనా చెప్పండి అంది. చెప్తానన్నాడు.

చెప్పాలనే ఇంటికి వెళ్ళాడు. నాంచారమ్మ వరండాలో తమలపాకు తొడిమలు గిల్లుతోంది. పక్కన దావీదు హార్మోనియం మెట్లు తుడుస్తున్నాడు. ఢిల్లీవాళ్ళ ముందు ఏ రాగం ఎత్తుకోవాలో ఇద్దరూ వాదించుకుంటున్నారు. తమ్ముడు కనపడగానే ఆమె మొహం విప్పారింది. మా వాడి మందుకి నా గొంతు సాక్షి అని దావీదుతో గొప్పగా చెప్పింది. భావనారాయణ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, తుడుచుకున్న కాళ్ళనే మళ్ళీ తుడుచుకున్నాడు. నిజం చెబితే ఈవిడ భయపడుతుంది. భయపడితే నోరు ఆగదు. దావీదుకు తెలుస్తుంది, దావీదుతో ఊరికంతా తెలుస్తుంది. సంఘంవాళ్ళు వచ్చేనాటికి అందరి నోళ్ళలోనూ ఇదే ఉంటుంది.

"అక్కా, ఢిల్లీవాళ్ళు వచ్చి వెళ్ళేదాకా కిళ్ళీ మానెయ్."

"ఎందుకురా?"

అతను నీళ్ళు నమిలాడు. ఏదో ఒకటి చెప్పాలి.

"పళ్ళు ఎర్రగా కనపడితే బాగోదక్కా. పెద్దవాళ్ళు చూస్తారు. పంటి మందు కదా, పళ్ళు తెల్లగా ఉండాలి."

నాంచారమ్మ చిన్నబుచ్చుకుంది. ఆ ఎరుపు చూసి ఏనాడూ సిగ్గుపడలేదు ఆమె. అయినా తమ్ముడి పరువు సంగతి కదా అనుకుంది కాబోలు, సరేలే, ఎర్రగా కనపడవు లే అంది. భావనారాయణ బతికానురా దేవుడా అనుకుని లోపలికి వెళ్ళి హాయిగా భోంచేశాడు. ఆ మాటని ఆమె ఎట్లా అర్థం చేసుకుందో ఆలోచించే తీరిక అతనికి లేకపోయింది.

ఆ తరవాత రోజులన్నీ పరిశోధనశాలలోనే గడిచిపోయాయి. అక్క పళ్ళు రోజురోజుకీ తెల్లబడుతున్నాయని మాత్రం గమనించాడు, చెప్పినమాట విందని మురిసిపోయాడు. వేళ్ళు పెట్టి చూడమని మళ్ళీ అడగలేదు. చూస్తే ఏం కనపడుతుందోనని భయం.

ఢిల్లీ సంఘం వచ్చిన రోజున హాలు నిండిపోయింది. ముందు తెరమీద గొర్రెల పళ్ళు, మనుషుల పళ్ళు, తెల్ల గీతలు చూపించారు. తరవాత డైరెక్టరు నాంచారమ్మని వేదిక మీదికి పిలిచాడు. పట్టుచీర కట్టుకుని వచ్చింది. రాజులాగే నడిచింది. దావీదు శ్రుతి అందుకున్నాడు. ఆమె రాగం ఎత్తుకోగానే భావనారాయణకు తెలిసిపోయింది. తల వెనక్కి వాలింది గానీ నోరు తెరుచుకోలేదు. పెదాలు కదిలాయి, మెడనరాలు ఉబ్బాయి, ఆ కాస్త సందులోంచే స్వరం బయటికి వచ్చింది. పంటి బిగువున పాడింది. ఎక్కడా అపస్వరం పలకలేదు. ఎత్తుకోలేని చోట రాగాన్ని కిందికి తిప్పి అదేదో కొత్త అందం అన్నట్టు వంపు తీసింది. ఆ మెలకువ తెలిసినవాడు హాల్లో దావీదు ఒక్కడే. మెట్ల మీద వేళ్ళు పరిగెడుతుండగానే అతను ఆమె మొహం కేసి కంగారుగా చూస్తున్నాడు. ఢిల్లీ పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకావిడ లేచి వచ్చి, ఎంత తెల్లటి పళ్ళండీ అని మెచ్చుకుంది. నాంచారమ్మ తమ్ముడి కేసి గర్వంగా చూసింది.

మర్నాడు పొద్దున ఆమె నోరు తెరుచుకోలేదు. చిటికెనవేలు గోరు కూడా పళ్ళ మధ్య పట్టలేదు.

ఆసుపత్రిలో పెద్ద సర్జను స్కాన్ చూసి పెదవి విరిచాడు. కింది దవడా పుర్రే ఒకే ఎముక అయి కూర్చున్నాయి. కోసి విడదీయచ్చు గానీ, కోస్తే రాలే ఎముక పొడిలోనూ ఉండేది సున్నమే. ఆ పొడి తగలగానే ఆ కణాలు మళ్ళీ లేస్తాయి, ఈసారి ఇంతకింతా కడతాయి. మీరు తయారుచేసిందే కదండీ, మీకు తెలియనిదేముంది అన్నాడాయన. పన్ను పీకడానికి కూడా దారి లేదు, నోరు తెరిస్తే కదా పన్ను దొరికేది. చెంప పక్క పళ్ళ వెనక ఉన్న సందులోంచి గొట్టం పెట్టి జావ పొయ్యమని చెప్పి పంపించేశాడు.

ఎంత సున్నం పడితే ఇంత తొందరగా బిగుస్తుందో భావనారాయణకు అంతుపట్టలేదు. కిళ్ళీ మానేసింది కదా. పళ్ళు పాలలా ఉన్నాయి కదా. అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే ఎందుకు అడుగుతున్నావని అడుగుతుంది. బిగిసిన పళ్ళ వెనకనుంచి ఆమె మాటలు ఇప్పటికీ వస్తున్నాయి, దగ్గరగా వంగి వింటే తెలుస్తాయి. అతను దగ్గరకు వెళ్ళడమే తగ్గించాడు.

ఆ లోపలే ఢిల్లీ నుంచి అనుమతి వచ్చింది. డైరెక్టరు మిఠాయి పంచాడు. నాంచారమ్మ సంగతి విని అయ్యో అన్నాడు, వయసు మీద పడినవాళ్ళకి దవడ పట్టెయ్యడం మామూలే అని తనే కారణం కూడా చెప్పేశాడు. మందు డబ్బా మీద తాంబూలం వాడరాదు అని ఒక ముక్క వేయిద్దాం, చిన్న అక్షరాల్లో వేయిద్దాం, ఇప్పుడు జనాన్ని బెదరగొట్టద్దు అన్నాడు. భావనారాయణ తల ఊపాడు. ఢిల్లీలో జరిగే సభలో చిగురు గురించి అతనే మాట్లాడాలి. ఉపన్యాసం రాసుకోవడం మొదలుపెట్టాడు.

ప్రయాణం ముందు రోజు షహనాజ్ ఇంటికి వచ్చింది. ఉద్యోగం వదిలేశానని గుమ్మంలోనే చెప్పింది. చిగురు పెట్టించుకున్నవాళ్ళ ఊళ్ళ పేర్లు తనకు గుర్తున్నాయట, ఇళ్ళ చిరునామాలు మాత్రం పరిశోధనశాల రికార్డుల్లోనే ఉండిపోయాయట. ఎవరెవరి ఇళ్ళు ఎక్కడో మీకు తెలుసు కదా సార్, చెప్పండి, నేనే తిరిగి చెప్పుకుంటాను అంది. పొన్నూరులో ఇడ్లీబండి ఆవిడ పూటకి రెండు కిళ్ళీలు నములుతుందట. బాపట్ల నుంచి మొన్న చూపించుకోవడానికి వచ్చిన ఒక పూజారిగారికి అప్పుడే ఆవులింత ఆగిపోతోందట. భావనారాయణ ఢిల్లీ నుంచి వచ్చాక మాట్లాడదామన్నాడు. వచ్చాక తప్పకుండా అన్నాడు. లోపల మంచం మీద నాంచారమ్మకు దావీదు గొట్టంతో జావ పోస్తున్నాడు. ఆ మాటలన్నీ ఆమెకు వినపడుతున్నాయని అతను గమనించుకోలేదు.

నాంచారమ్మ గొట్టం పక్కకు తోసి లేచి వచ్చింది. పమిటతో చెంప తుడుచుకుంటూ షహనాజ్ ఎదుట నిలబడింది. ఏం కిళ్ళీ, ఏం ఆవులింత అని పళ్ళ వెనకనుంచే అడిగింది. షహనాజ్ ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"మీకు చెప్పలేదా అమ్మా? సున్నం తగిలితే ఆ మందు లేస్తుంది. అందుకే కదా సార్ మిమ్మల్ని కిళ్ళీ మానమన్నది. ఢిల్లీవాళ్ళు రాకముందే మాకు తెలుసు."

నాంచారమ్మ తమ్ముడి వైపు తిరిగింది. కోపం చూపిస్తుందనుకున్నాడు. నలుగురిలో నిలబెట్టి పెద్దమనుషుల్ని కడిగేసిన నోరు అది. కానీ ఆమె మొహంలో కోపం లేదు, లెక్క తప్పిన పిల్లలా అయోమయంగా ఉంది. బొడ్లోంచి సున్నపుకాయ తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఎరుపు కనపడకూడదన్నావు గదరా" అంది. ఒక్కొక్క మాటా పళ్ళ సందులోంచి ఈడ్చుకుంటూ వచ్చింది. "వక్కా కాచూ మానేస్తే ఎరుపు రాదు గదా. అందుకని ఒట్టి ఆకుకి సున్నం దట్టంగా రాసి వేసుకున్నా. గొంతు లేవాలి గదరా, నీ సభ గదా. ఆ పూట మూడాకులు వేసుకున్నా."

తాను చెప్పిన అబద్ధాన్ని ఆమె ఎంత శ్రద్ధగా పాటించిందో భావనారాయణకు అప్పుడు అర్థమైంది. అక్కా అని ముందుకు వెళ్ళబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సున్నం అని ఒక్క మాట చెప్పుంటే మానేసేదాన్ని గదరా. నీకంటే ఎక్కువా నాకు కిళ్ళీ?"

అతని దగ్గర ఉన్న జవాబల్లా ఢిల్లీ, సంఘం, ఇరవై ఏళ్ళు. ఆ మాటలు ఆమె మొహం ముందు పెట్టే సిగ్గులేనితనం అతనికి ఇంకా రాలేదు. నాంచారమ్మ షహనాజ్ చెయ్యి పట్టుకుంది. ఇడ్లీబండి ఆవిడని నేనెరుగుదును, మా నాటకాలకు ముందు వరసలో కూర్చునేది అంది. పూజారిగారి ఇల్లు దావీదుకు తెలుసు. మిగతావాళ్ళని అడుక్కుంటూ పోదాం. ఆటో పిలవమని దావీదుకు చెప్పింది.

భావనారాయణ గుమ్మానికి అడ్డం వచ్చాడు. నువ్వు ఈ స్థితిలో తిరగలేవక్కా అన్నాడు, మాట్లాడనుకూడా లేవు, వాళ్ళకేం చెప్తావు అన్నాడు.

"చెప్పనక్కర్లా" అంది నాంచారమ్మ. "చూపిస్తా."

పక్కకు జరిగాడు. జరగక ఏం చేస్తాడు? ఆమె మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, సున్నపుకాయ అతని చేతిలో పెట్టింది. దాచుకో అనలేదు, పారెయ్ అనలేదు. చిన్నప్పుడు నింపుకురమ్మని ఇచ్చినట్టే ఇచ్చింది. ఆటోలో దావీదు ఆమె పక్కన కూర్చుని జావ సీసా ఒళ్ళో పెట్టుకున్నాడు. షహనాజ్ ముందు సీట్లో డ్రైవరుకు పొన్నూరు రోడ్డు అని చెప్పడం వినపడింది. ఆటో సందు మలుపు తిరిగింది.

ఇంట్లోకి వచ్చి చూస్తే మంచం పక్కన గిన్నెలో సగం జావ మిగిలి ఉంది, తొరక కట్టింది. బల్ల మీద ఉపన్యాసం కాగితాలు ఫాను గాలికి రెపరెపలాడుతున్నాయి. బయట గేటు తీసి పరిగెత్తితే మెయిన్ రోడ్డు మీద ఆటో అందుకోవచ్చు. ఫోను జేబులోనే ఉంది. తెనాలివాళ్ళ ఇళ్ళు ఎక్కడో అతనికి తెలుసు, ఒక్కసారి చేస్తే షహనాజ్‌కు చెప్పచ్చు. ఢిల్లీకి కూడా చేసి చెప్పచ్చు. ఆ పని చేస్తాననే అనుకుంటూ అద్దం ముందు ఆగాడు. కుడిచెయ్యి పైకెత్తి, మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకున్నాడు. సులువుగా పట్టాయి, ఇంకొంచెం చోటు కూడా మిగిలింది.

అతని నోటికి ఏ రోగమూ లేదు.